గంగమ్మ వాటా

పడవ ఎక్కకముందే పిడికెడు సామలు నీళ్ళలో వెయ్యమని అవ్వ ఒకటికి పదిసార్లు చెప్పింది. రాజకుమారి వెయ్యలేదు. లైఫ్ జాకెట్ తొడిగేసరికి ఆ తొమ్మిదో తరగతి పిల్లకు ఒళ్ళు తెలియలేదు మరి! సామల మూట జేబులోనే ఉండిపోయింది.

అరకు ఆశ్రమ పాఠశాల పిల్లలకు తెరచాప పడవలు నేర్పిస్తామని ఘాట్ కింద జలాశయానికి తీసుకొచ్చారు. ఇక్కడ విద్య పట్టుబడితే వచ్చే నెల భీమిలిలో, సముద్రం మీద శిక్షణ. దాని అనుమతి కాగితం మీద అవ్వ వేలిముద్ర కావాలి. వాళ్ళింట్లో అవ్వ మాటే సర్కారు మాట. ఆవిడ షరతు ఒక్కటే: "గంగమ్మ వాటా ముందు ఇయ్యాల. ఇయ్యకండా ఇచ్చినానని అబద్దమాడినావో, ఇంక గడప దాటనియ్యను."

స్నేహితురాలు రత్న రానంటే రానంది. "నానున్నాను కదే, రా!" అని రాజకుమారే చెయ్యి పట్టి పడవలోకి లాగింది. వెళ్ళేటప్పుడు ఎంత సుఖమో! వెనకనుంచి గాలి తోస్తుంటే గట్టు చూస్తూండగానే చిన్నదైపోయింది. తిరిగి గట్టువైపు తిప్పేసరికి మొదలైంది భాగోతం. చాప టపటపా కొట్టుకుంటోంది. పడవ ముందుకు రాదు సరికదా, వెనక్కి పోతోంది. నేర్పే రవిబాబు సారు ఎక్కడో అవతల, బోల్తాపడ్డ పడవను లేపే పనిలో ఉన్నాడు.

"నన్ను సంపేత్తావా ఏటే?" రత్న ఏడుపు లంకించుకుంది.

రాజకుమారికి అర్థమైపోయింది. గంగమ్మకు కోపమొచ్చింది, ఇంకేముంది! తప్పు తనది, ఏడుపు రత్నది. జేబులోని మూట తీసి విప్పింది. దంచిన సామలు గాలికి ఎగరబోయకముందే గంగమ్మ వాటా తీసిపెట్టడం వాళ్ళింటి ఆనవాయితీ. మనుషులు బాగుచేసుకుని తిన్నాక మిగిలింది తల్లికి పెడతారా ఎక్కడైనా? అందుకే ఆ మూటలో గింజెంతో పొట్టూ అంతే.

"తప్పయిపోనాది తల్లీ!" అని గట్టువైపు విసిరింది.

గింజలు నీళ్ళలో పడ్డాయి. పొట్టంతా వెనక్కొచ్చి ఆమె కళ్ళల్లో పడింది.

కళ్ళు నులుముకుంటుంటే అవ్వ తిట్టు వినబడినట్టయింది. సామలు ఎగరబోసినప్పుడల్లా తినే తిట్టే అది: "గాలికి మొకమెట్టి నిలబడతావేటే, తెలివితక్కువ గుంటా! పక్కకి తిరుగు!"

పొద్దున్న రవిబాబు సారు మొత్తుకున్నదీ అదే కదా! గాలికి ఎదురు రావద్దు, ఘాట్ రోడ్డు మీద బస్సులా వంకరలు తిరుగుతూ రమ్మన్నాడు. రాజకుమారి చాప అడుగున ఉన్న అడ్డకర్రను రెండు చేతులా పక్కకు తోసి పట్టుకుంది. పడవ ముక్కు మెల్లగా తిరిగింది. కర్ర వదిలి, చుక్కాని పట్టింది. చాప గాలితో నిండింది. అటో మలుపు, ఇటో మలుపు. ఆరో మలుపుకి గట్టు వచ్చింది. దిగాక రత్న ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఇంటికి రాగానే అవ్వ అడిగింది: "ఎక్కకముందే ఇచ్చినావా?"

ఇచ్చానంటే అయిపోయేది. భీమిలి కాగితం చేతిలోనే ఉంది. రాజకుమారి నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది.

"నేదవ్వా. మర్సిపోనాను. నడి నీట్లో ఇచ్చినాను. పొట్టంతా నా కళ్ళలోనే కొట్టీసింది. అప్పుడే నీ తిట్టు గుర్తొచ్చి పడవ పక్కకి తిప్పినాను" అంటూ భోరుమంది.

 అవ్వ మనవరాలి గడ్డం పట్టి, కళ్ళల్లో ఇంకా పొట్టుందేమోనన్నట్టు చూసింది.

"తల్లి గింజ తీసుకుని, నీకు కావలసింది నీకిచ్చినాది. కాయితం ఇటు తే. సంద్రానికి పిడికెడు సాలదు, ఈపాలి మానెడు కడతాను. ముందే ఎయ్యి" అని బొటనవేలు చాపింది.