వెల్లకిలా పెట్టిన ఫోర్కులు

ఎర్మీన్ దొరసానికి కోడలి మీద అనుమానం పెళ్లినాడే పుట్టింది. రూవాన్ పట్నంలో బిస్కట్ల వ్యాపారి కూతురు ఒదీల్‌కి వెండి విలువ తెలుస్తుందేమోగాని, వెండి మీది వంశముద్ర విలువ ఎలా తెలుస్తుందని ఆవిడ బాధ. ఆవిడ అత్తింటి బ్రెవాల్ వారి ముద్ర అడవిపంది. ఎవరో రాజుగారు వేటలో మెచ్చి ఇచ్చాడని చెప్పుకుంటారు; ఏ రాజని అడిగితే మాత్రం మాట మారుస్తారు. పక్క ఎస్టేటు ఓర్సెల్ వారిది కొంగ. పందికీ కొంగకీ తరాల నాటి స్నేహం.

జర్మన్లు వస్తున్నారనగానే ఎర్మీన్ భర్త గోంత్రాన్, ఓర్సెల్ దొర కలిసి రెండిళ్ల వెండిపెట్టెలూ ఆపిల్ తోటలో పాతిపెట్టారు. ఓర్సెల్ దొర యుద్ధఖైదీగా పోయి మరి తిరిగి రాలేదు. యుద్ధం ముగిశాక గోంత్రాన్ ఒక్కడే తవ్వి, "మనది దక్కింది, వాళ్లది జర్మన్లు ఎత్తుకుపోయారు పాపం" అన్నాడు. దక్కిన పెట్టెకు మాత్రం బతికుండగా తాళం తీయనివ్వలేదు. వెండి బయటపడితే దొంగలు పడతారని భయమట.

మొన్న చలికాలంలో ఆయన పోయాడు. ఈ ఈస్టర్ భోజనానికి ఆ వెండి బల్ల మీదికి రావలసిందేనని ఎర్మీన్ పట్టుబట్టింది. పిలిచింది ఎవరినంటే, ఓర్సెల్ దొర భార్య సిదొనీని. తగరం చెంచాలతో తింటున్న స్నేహితురాలికి వెండిలో వడ్డించడం, అందులో ప్రేమ ఎంతుందో, గొప్పలు ఎంతున్నాయో ఆవిడకే తెలియాలి.

వెండి తోమడానికని పెట్టె తాళంచెవి చేతికొచ్చిన నాటినుంచి ఒదీల్ తీరు మారింది. తలుపు వేసుకుని వెండి తోమింది. అత్తగారు చూడబోతే, "మసి అంటుతుంది అత్తయ్యా, మీరు రాకండి" అంది. పైగా, "ఈసారికి మామూలు చెంచాలే పెడదామా?" అని కూడా అడిగింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తాను పట్టి చూపించాలనుకుంది ఎర్మీన్.

పండుగనాడు అందరూ బల్ల దగ్గరికి వచ్చారు. ఎర్మీన్ చూపు నేరుగా ఫోర్కుల మీద పడింది. అన్నీ వెల్లకిలా, ముళ్లు పైకి పెట్టి ఉన్నాయి. చెంచాలూ అంతే. ముందువైపు ఎవరి వెండైనా ఒకటే. ముద్ర ఉండేది కాడ వెనక. అందుకే ముద్రగల ఇళ్లలో ఫోర్కు ఎప్పుడూ బోర్లా పడుకోవాలి. అది చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి.

"ఏమ్మా, మీ కొట్లో ఇలాగే పెడతారా?" అంది ఎర్మీన్.

ఒదీల్ ముఖం పాలిపోయింది. "పొరపాటైంది అత్తయ్యా. ఈ పూటకి ఉండనివ్వండి."

"ఉండనిస్తే ఎలా? చూసుకోవద్దూ, మన పంది మందలోనే ఉందో, రూవాన్ సంతకి పోయిందో."

కొడుకు బెర్ట్రాన్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఒదీల్ మెల్లిగా అత్తగారి మోచెయ్యి పట్టుకుని, "వద్దత్తయ్యా" అంది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటోందని ఎర్మీన్‌కి రూఢి అయిపోయింది.

"సిదొనీ వదినా, నా కళ్లకి మసకలు. నీ ఫోర్కు తిప్పి చూడు. అసలుదో నకిలీదో నువ్వే చెప్పు."

సిదొనీ తిప్పింది. బొటనవేలితో కాడ వెనక నిమిరింది.

"అసలుదే వదినా," అంది చివరికి. "కొంగ. ఒంటికాలి మీద నిలబడింది."

తర్వాత లేచి, బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క ఫోర్కునూ చెంచానూ బోర్లా తిప్పింది. ఎవరూ ఆపలేదు. ప్రతి పళ్లెం పక్కనా కొంగే. "మా ఇంట్లో ఇలా పెడతామమ్మా," అంది ఒదీల్‌తో, కోపం లేకుండానే.

అంటే జర్మన్లు ఎత్తుకుపోయింది పందినే. పెట్టె తవ్వి తెచ్చిన రోజు గోంత్రాన్ తన ముఖంలోకి చూడలేదన్న సంగతి ఎర్మీన్‌కి ఇప్పుడు గుర్తొచ్చింది. వంటమనిషిని అనుమానించింది, పాలవాణ్ణి అనుమానించింది, కోడల్ని సరేసరి. పక్కలో పడుకున్న మనిషిని ఒక్కనాడూ అనుమానించలేదు.

"నీకెప్పుడు తెలిసింది?" అని కోడల్ని అడిగింది.

"తోముతుంటే. మామయ్యగారు పోయి ఏడాదైనా కాలేదు. మీకు తెలియకపోతేనే బాగుండుననుకున్నాను."

ఎర్మీన్ చెయ్యి చాచింది. ఒదీల్ పెట్టె తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టింది. ఎర్మీన్ దాన్ని తీసుకెళ్లి సిదొనీ పళ్లెం పక్కన ఉంచింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"ఆ మామూలు చెంచాలు తీసుకురామ్మా," అంది. "మనకి."