కొత్త టాపుకు పడిన గీత

కొత్తగా వేసిన టాపును పదిహేను రోజుల దాకా మడవకూడదు. ఇది మా దుకాణం నియమం. చీటీ మీద రాసి మరీ కారు మనిషి చేతిలో పెడతాం. కాన్వాస్ చట్రం మీద సాగి, కుట్లు సర్దుకోకముందే మడిస్తే మడత దగ్గర గీత పడుతుంది. పడ్డ గీత ఇక పోదు. నీళ్లు కారడం మొదలయ్యేదీ అక్కడే.

టాపు తీసే కార్లకు మేము గుడ్డ టాపులు కుడతాం. అక్క కుడుతుంది, నేను బేరం చేస్తాను. అలాంటి కార్లు ఊరు మొత్తానికి పిడికెడు. అందుకని ఏడాదిలో పది నెలలు స్కూటరు సీట్లకు తొడుగులు కుట్టుకుని నెట్టుకొస్తున్నాం. ఆ తొడుగులంటే అక్కకు వెగటు. "ముప్ఫయ్యేళ్లు నేర్చిన పని జనం కూర్చునే చోటికా!" అంటుంది.

ఈ లోపు పళ్ల డాక్టరమ్మ వచ్చింది. టాపు తీసే కార్లున్న ఆరుగురు ఏటా సముద్రపు ఒడ్డు రోడ్డు మీద షికారు వెళతారు. ఆవిడే వాళ్లకు పెద్ద. ఆవిడకు అలాంటి కార్లు రెండు. అందులో తెల్లదానికి మా చేత టాపు వేయించుకుని, "ఎల్లుండే షికారు. దీన్ని మీరే నడుపుకుంటూ రండి. గాలికీ వానకీ తట్టుకుంటే మిగతా కార్ల పని కూడా మీకే" అంది. ఆ పని దొరికితే ఏడాది పాటు సీటు తొడుగుల మొహం చూడనక్కర్లేదు.

బయలుదేరిన చోట ఏడు కార్లు నిలబడ్డాయి. ఆరింటికి టాపు దించి ఉంది. మాదొక్కటే మూసి ఉంది. పసుపు కారు పెద్దాయన టోపీని ఒక చేత్తో అదిమిపట్టుకుని అరిచాడు.

"ఏమయ్యా, పెళ్లికొచ్చి గది లోపల గడియ పెట్టుకున్నట్టుందే నీ వరస!"

"మీ టోపీ సంగతి చూసుకోండి సార్. మా బండి టోపీ మాత్రం ఎగరదు."

అందరూ ఎండ కాయాలని కోరుకుంటే నేను వాన పడాలని కోరుకున్నాను. ఒక్క జల్లు పడి, లోపల చుక్క రాలకపోతే బేరం కుదిరినట్టే. మబ్బు తునకైనా లేదు.

అలాంటి కారు ఎక్కడం అక్కకు ఇదే మొదలు. దుకాణంలో ఆమె మిషను గోడకెదురుగా ఉంటుంది. ముప్ఫయ్యేళ్లుగా ఆ గోడనే చూసింది. ఇప్పుడూ అదే రాత. సముద్రం నా వైపు, కొండ ఆమె వైపు. కిటికీలోంచి చూస్తే నల్లరాయి తప్ప ఏమీ లేదు.

ఒక మలుపు తిరిగేసరికి ముందు కార్లలో వాళ్లంతా ఒక్కసారిగా తలలు పైకెత్తారు. పెద్దాయన టోపీ సంగతే మరిచిపోయాడు. అది ఎగిరి మా అద్దం మీంచి దొర్లిపోయింది. ఆయన వెనక్కి తిరిగైనా చూడలేదు.

అక్క వంగి, బుగ్గ అద్దానికి ఆనించి చూసింది. పైకి కనపడలేదు. వెనకనున్న ప్లాస్టిక్ కిటికీలోంచి చూసింది. అందులో అంతా వంకర. చెయ్యెత్తి తల పైనున్న టాపు కుట్టును వేలితో తడిమింది.

"నేను కుట్టిందే. నాకే అడ్డమైంది."

బండి పక్కకు తీసి ఆపాను. దిగి నిలబడేంత చోటు లేని ఇరుకు మలుపు అది.

"గీత పడుతుందిరా" అంది.

"తెలుసు."

"డాక్టరమ్మ వేలు పెట్టి మరీ చూస్తుంది."

"తెలుసే అక్కా. ఆ చీటీ రాసిందే నేను."

టాపుకు కొక్కేలు రెండు, చెరో వైపు ఒకటి. లెక్క వేయబోయాను. ఒక వైపు ఏడాది పని, రెండో వైపు తెరిస్తే ఏముందో నాకే తెలియదు. తెలియని సరుకుకు ధర కట్టడం చేతకాదు. నా వైపు కొక్కెం తీసి ఊరుకున్నాను. కాసేపటికి ఆమె వైపు కొక్కెం టక్కుమంది.

టాపు వెనక్కి వాలింది.

కొండ మా మీదికి ఒరిగి ఉంది. దాని అంచుల నిండా తెల్లటి పక్షులు, వేలకు వేలు. ఒక్కసారిగా లేచాయి. ఆకాశం కదిలినట్టయింది. వాటి నీడలు మా చేతుల మీద, ఒళ్లో, సీట్ల మీద పరుగెత్తాయి. ఆ గుంపంతా మా తలల మీదుగా దాటి సముద్రం మీద వాలుతుంటే నేనూ దానితోపాటే తల తిప్పాను. ఏ గుడ్డయినా కంటితో చూసి ఎన్ని మీటర్లో చెప్పేవాణ్ణి నేను. అక్కడ చూపు పరిచినకొద్దీ ఇంకా మిగిలే ఉంది. ఎక్కడ కొలవడం మొదలుపెట్టాలో కూడా తోచలేదు.

అక్క సీటు మీద నిలబడింది. అద్దం అంచు పట్టుకుని, నీళ్లూ ఆకాశమూ కలిసేచోట కళ్లు చికిలించి చూసింది. దూరాన పొగమంచులో రెండూ ఒకటే రంగు.

"ఒరేయ్, అతుకెక్కడరా? ఎంత వెతికినా కుట్టు దొరకట్లేదు."

నేనూ వెతికాను. దొరకలేదు.

రోడ్డు చివర దీపస్తంభం దగ్గర అందరూ ఆగారు. డాక్టరమ్మ వచ్చి, టాపు పైకి లాగించి, పంటి చిగుళ్లు పరీక్షించినట్టు బొటనవేలితో నొక్కుతూ పోయింది. ఒకచోట వేలు ఆగింది.

"మడవొద్దని చీటీ రాసిచ్చింది మీరేగా?"

"మేమే."

"మరి మడిచిందెవరు?"

గాలికి ఊడిందని చెప్పొచ్చు. అక్క ముందే నోరు తెరిచింది.

"మేమే డాక్టరుగారూ. పక్షుల దగ్గర. తప్పు గుడ్డది కాదు, మాదే. ఇది విప్పేసి, నా ఖర్చుతో మళ్లీ కుట్టి ఇస్తాను."

డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "సరే, కుట్టండి. మిగతావాటి సంగతి తరవాత చూద్దాం" అంది. వ్యాపారంలో చూద్దాం అంటే లేదనే. ఆ మాట నేనే వందల మందికి చెప్పి ఉంటాను.

తిరుగు ప్రయాణానికి అక్క కొక్కెం మీద చెయ్యి వేసింది. "మూసెయ్యనా?"

గీత ఎలాగూ పడింది. మూస్తే పోయేది కాదు. ఆరు టాపులు పోయాక, ఆకాశం కూడా పోగొట్టుకునేంత తెలివితక్కువవాణ్ణి కాను.

"దించే ఉంచు" అన్నాను. "ఇప్పుడు సముద్రం నీ వైపు వస్తుంది."