అబూబకర్ మావయ్య ఊపిరి

సాయంత్రం నమాజు వేళయ్యేసరికి చిలకలపూడి వీధిలో పూలమ్మే మహాలక్ష్మి తన మల్లెమొగ్గల బుట్టకి తడిగుడ్డ కప్పేస్తుంది. అబూబకర్ ఆ దారినే మసీదుకి వెళ్తాడు మరి. రోల్డు గోల్డు నగలు అతికే పనిలో బతుకంతా ఊదుగొట్టం ఊదిన మనిషి. ఆయన ఊపిరి తగిలితే మూసుకున్నదేదైనా తెరుచుకుంటుంది. తుప్పు పట్టిన తాళాలూ, బిగుసుకుపోయిన జాడీ మూతలూ జనం ఆయన దగ్గరికే తెస్తారు.

"మావయ్యా, కాస్త అటు తిరిగి నడువు. ఇప్పుడే విచ్చుకుంటే రేపు ఎవరు కొంటారు?" అని మహాలక్ష్మి రోజూ కసురుతుంది. ఆయన నవ్వి మొహం తిప్పుకుంటాడు.

ఆ రోజు ఆయన వెనకాలే మనోజ్ఞ కూడా మసీదుకి బయల్దేరింది. చల్లపల్లి బడిలో టీచరామె. చంకలో నాలుగేళ్ళ కొడుకు హర్ష.

వాణ్ణి పరాయివాళ్ళెవరైనా ముద్దుగా పలకరిస్తే చాలు, ఆమె చటుక్కున వెనక్కి లాగేసుకునేది. ఫోన్లో తిరిగే పిల్లల దొంగల కబుర్లన్నీ ఆమెకి కంఠతా వచ్చు. ఆమధ్య కోనేరు సెంటర్లో ఆటో కోసం నిలబడితే, ఎవరో పెద్దాయన తన పొట్లంలోంచి హల్వా ముక్క తీసి హర్ష చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని లాక్కుని రోడ్డు మీదికి విసిరేసింది. వాడి వేళ్ళు మడిచి గట్టిగా నొక్కింది.

"ఇంకెప్పుడైనా ఎవరి ముందైనా చెయ్యి చాపావో, చూడు!"

పెద్దాయన మొహం చిన్నబోయింది. హర్ష పిడికిళ్ళు రెండూ ఆ తర్వాత తెరుచుకోలేదు.

ఎముకలు బాగానే ఉన్నాయనీ, కొందరు పిల్లలకి అలా అవుతుందనీ డాక్టరు చెప్పాడు. తినిపిస్తే తినేవాడు. బొమ్మ ఇచ్చినా, పలక ఇచ్చినా అందుకునేవాడు కాదు. రోడ్డు దాటేటప్పుడు వేలందిస్తే అమ్మ వేలు కూడా పట్టుకోలేదు. అప్పుడు మాత్రం మనోజ్ఞ నడిరోడ్డులో నిలబడి ఏడ్చింది.

మసీదు గుమ్మం దగ్గర బొట్టు పెట్టుకున్న తల్లులూ, బురఖా వేసుకున్న తల్లులూ పిల్లల్నెత్తుకుని వరసగా నిలబడ్డారు. నమాజు చేసి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే ఆగి, పసివాళ్ళ మొహం మీద దువా చదివి ఊది వెళ్తున్నారు. పేరడగరు, ఊరడగరు. ఇంతమంది తెలియనివాళ్ళ ఊపిరే! మనోజ్ఞ చెంగుతో వాడి మొహం కప్పేసింది.

అబూబకర్ ఆమె ముందు ఆగాడు. "ఊదమంటారా అమ్మా?"

"వద్దులెండి బాబాయిగారూ. వెళ్ళిపోతాం."

"మీ ఇష్టమమ్మా. బాబు చెయ్యి మాత్రం కాస్త వదలండి. నొప్పెడుతున్నట్టుంది."

చూసుకుంది. హర్ష మణికట్టు చుట్టూ తన వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. వదులుదామంటే రావడంలేదు. అవి ఎప్పుడు బిగుసుకున్నాయో ఆమెకే తెలియదు.

"ముందు నాకు ఊదండి," అంది.

ఆయన ఊదాడు. సన్నగా, వెచ్చగా వచ్చిందా ఊపిరి. వీధి పొడవునా గొళ్ళేలు వాటంతటవే జారాయి. మల్లెలు తడిగుడ్డని పైకెత్తి విచ్చుకున్నాయి. మహాలక్ష్మి ఈసారి కసరలేదు, నెత్తిన చెంగు కప్పుకుని లేచి నిలబడింది. మనోజ్ఞ వేళ్ళు ఒక్కొక్కటే విడివడ్డాయి.

హర్ష తల్లి చేతినే చూస్తున్నాడు. వాడికి ఎవరూ ఊదలేదు. తనంతట తనే పిడికిళ్ళు విప్పి, చెయ్యి చాపి, ఆ ముసలాయన గడ్డం పట్టుకుని కిలకిలా నవ్వాడు. మనోజ్ఞకి భయం వేసింది. అయినా ఆపలేదు.

ఆమె కుడిచెయ్యి మాత్రం మళ్ళీ గట్టిగా మూసుకోలేదు. సుద్దముక్క పట్టుకోగలదు, గరిటె పట్టుకోగలదు. బస్సులో పైకడ్డీ దగ్గరే పట్టు జారిపోతుంది. చల్లపల్లి బస్సు మలుపు తిరిగినప్పుడల్లా తూలుతుంది. పేరు తెలియనివాళ్ళెవరో ఆమె జబ్బ పట్టుకుని నిలబెడతారు. సీట్లో కూర్చున్న ఇంకెవరో "బాబుని ఇలా ఇవ్వండమ్మా, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను" అని చేతులు చాపుతారు.

ఆమె ఇస్తుంది.