బోరింగులో రవళి గొంతు

“ఈ నీళ్లు తాగి పిల్లకేమన్న అయితే నేనెవరిని అడగాలె?” అని బోరింగు దగ్గర పైకే అనేస్తాను. అనకుండా ఉండాల్సింది. అప్పటికింకా ఏమీ కాలేదు.

ఆ మధ్యాహ్నమే నా కూతురు రవళి గొంతు బోరింగులోకి దిగిపోతుంది. పిల్ల మా గడప మీదే కూర్చుని పెదవులు కదుపుతుంది. మాట మాత్రం వీధి చివర బోరింగు నీళ్లతో పాటు పడుతుంది. “అమ్మా, ఆకలైతుంది” అని పడితే, బిందె ఇంటికి తెచ్చి, ఆ మాట గుడ్డలో వడగట్టుకుని, అన్నం పెడతాను.

నీళ్లు పసుపుగా వస్తున్నాయి. బోరింగు వెనకే కంపెనీ గోడ. గోడ అవతల ఏం పారబోస్తారో మాకు తెలియదు.

సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చని బడి గోడ మీద రాసి ఉంది. తెల్ల కార్డు వాళ్లకు ఫీజు కూడా లేదట. బోరింగు గద్దె మీద కూర్చుని రాస్తాను: మా నీళ్లు పసుపుగా ఎందుకు వస్తున్నాయి? నా బిడ్డ గొంతు ఎందుకు పోయింది?

“ఏడో తరగతి సదువుకే కలెక్టరమ్మవైతివా, అండాలూ?” అని బిందెల వరుసలోంచి నర్సవ్వ నవ్వుతుంది. కాసేపటికి దగ్గరికొచ్చి, “మా మనుమని పేరు గూడ రాయే,” అంటుంది.

నీళ్లు పరీక్ష చేసే ఆఫీసులో చీలమండల దాకా నీళ్లున్నాయి. గుమాస్తాలు ప్యాంట్లు మడిచి రాసుకుంటున్నారు. సమాచారం ఇచ్చే సారు నా కాగితం రెండుసార్లు చదువుతాడు.

“ఎందుకు అని అడగొద్దమ్మా. మా దగ్గరున్న కాగితానికి నకలిస్తం. కారణాలియ్యం.”

నా చేతి రాతతోనే పిల్లను పోగొట్టుకుంటానేమో. రెండు ‘ఎందుకు’లూ కొట్టేస్తాను. కొట్టేసినచోట కాగితం తడిసిపోతుంది.

“నీళ్ల పరీక్ష రిపోర్టియ్యండి సార్.”

“రిపోర్టున్నది. కాని అది కంపెనీ సంగతి గద, మేం వాళ్లనడగాలె. వాళ్లకు అభ్యంతరం లేకుంటే ఇస్తం.”

కంపెనీ వెంటనే వస్తుంది. చెప్పులు బయట విడిచి, ఇస్త్రీ చొక్కాతో నా పక్క కుర్చీలో కూర్చుంటుంది. కాలరు పైన, తల ఉండాల్సినచోట, సన్నగా పొగ లేస్తూ ఉంటుంది.

“అభ్యంతరమున్నదా?” అని సారు అడుగుతాడు.

పొగ మెల్లగా ముందుకు వంగి లేస్తుంది.

“ఉన్నదట,” అంటాడు సారు. పాపం, ఆయన గొంతు కూడా ఎండిపోయినట్టుంది. నేను చూపిద్దామని తెచ్చిన బోరింగు నీళ్ల సీసా మూత తీసి తాగేస్తాడు. వద్దని నేను అనేలోపే సీసా ఖాళీ అవుతుంది. తర్వాత ఆయన నోరు తెరుస్తాడు, మాట రాదు. మనిషి కూడా తేలికైపోతాడు.

ఆ నీళ్లలో రవళి గొంతుంది. ఆయన్ను అక్కడ వదిలేసి ఎట్లా వస్తాను? చంకనెత్తుకుంటాను. ఆయన కాళ్లు ఊరిదాకా దుమ్ములో ఈడ్చుకుంటూ వస్తాయి. ఎవరూ ఆపరు.

రవళిని బోరింగు గద్దె మీదికి తెచ్చి, సారును పక్కనే కూర్చోబెట్టి ఇద్దరి తలలకూ నూనె రాస్తాను. సారుకు ఉన్న కాస్త జుట్టే రెండు జడలవుతుంది. నర్సవ్వ ఎర్ర రిబ్బను కొస పట్టుకుంటుంది. ఎందుకని నేనిక అడగను. ఆ మాట కొట్టేశాను.

“ఎప్పుడొస్తవు బిడ్డా?” అని మాత్రం రవళి గొంతును అడుగుతాను.

రిబ్బన్ల ఎరుపు వెలిసిపోతుంది. బడి గోడ మీద అక్షరాలూ వెలిసిపోతాయి. నర్సవ్వ మనవడు నా ఎత్తు పెరిగి, తన బిందె తానే మోసుకుపోతాడు, మాట లేకుండా. రవళి మాత్రం అంతే ఉంటుంది.

అప్పుడు పిల్ల పెదవులు కదుపుతుంది. పక్కన సారు నోరు తెరిచి, నా బిడ్డ గొంతుతో, నెమ్మదిగా బదులిస్తాడు.

“వాళ్లకు అభ్యంతరం లేకుంటే వస్తనమ్మా.”