సాలవ్వ చాట

ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకు. సాలవ్వ ఆకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, వేళ్ల మధ్య ఒక్క దొర్లింపు దొర్లించి దారం చుట్టింది. ముప్పై ఏళ్లుగా అదే పని. కుడి బొటనవేలి గోరు అరిగి నున్నబడింది. రోజూ ఈపాటికి నాలుగు కట్టలయ్యేవి. ఇవాళ రెండే. చూపు మాటిమాటికీ వాగు వైపే పోతోంది.

లింగంపేట బడికి వెళ్లాలంటే ఈ ఊరి పిల్లలు ఆ వాగు దాటాలి. వానొస్తే బడి బందే. అందుకే పైపులు వేసి, రాళ్లు పేర్చి, మొరం పోసి బాట కడదామని ఊరివాళ్లే పూనుకున్నారు. బీడీలు చుట్టే ఆడవాళ్లు పని మానుకుని ఎట్లా వస్తారు? ఆ చిక్కు విప్పింది సాలవ్వే. సగంమంది వాగుకు పోతారు. అరుగు మీద మిగిలినవాళ్లు తలా ఒక కట్ట పోయినవాళ్ల చాటల్లో వేస్తారు. మర్నాడు వాళ్లు కూర్చుంటారు, వీళ్లు పోతారు. పదకొండు రోజులు అట్లాగే నడిచింది. ఇంకొక్క రోజు పని ఉంది. సోమవారం బడి తెరుస్తారు. సాలవ్వేమో ఇవాళ ఐదింటి బస్సుకు కామారెడ్డి వెళ్లిపోతోంది. బిడ్డ నవత బాలింత. ఇక అక్కడే ఉండాలి. పోయేలోపు బాట పూర్తవడం కళ్లారా చూడాలని ఆమె ఆశ.

తొమ్మిదింటికి మహేందర్ పరుగున వచ్చాడు. డిగ్రీ చదివి, ఊళ్లో యువజన సంఘం నడుపుతున్నాడు.

“పెద్దమ్మా, నలుగురే వచ్చిండ్రు!”

“నిన్న ముప్పై మంది ఉంటిరి గదరా. ఏం జేసినవ్?”

“ఏం జెయ్యలే. హుషారొస్తదని ఎవరెన్ని దినాలు వచ్చిండ్రో బోర్డు మీద రాసిన. ఎక్కువ వచ్చినోళ్లు పైన, తక్కువ వచ్చినోళ్లు కింద.”

సాలవ్వకు నవ్వాగలేదు. “బడి పరీక్షనుకున్నవా బిడ్డా? ముందుగాల పోయి గా బోర్డు తుడువు.”

చాట అరుగు మీద పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుని బయల్దేరింది.

రాళ్లపని తెలిసిన ఎల్లయ్య గడపలోనే కూర్చున్నాడు. నడుం నొప్పితో రెండు రోజులే రాగలిగాడు. బోర్డు మీద అందరికంటే కింద అతని పేరే.

“అందరి కాళ్ల కాడ రాసిండ్రు నన్ను. ఎందుకొస్త?”

“రాకున్నా సరే గని బావా, గా మూల రాయి కూసుంటలేదు. ఎటు తిప్పాల్నో చెప్పి పంపు.”

“చెప్తే అయితదా? చూడాలె.”

“నీ నడుము మరి?”

“నడుముతోటి చూస్తనా? కండ్లు లెవ్వా!” అంటూ గడ్డపార అందుకున్నాడు.

తర్వాత ముత్తవ్వ ఇల్లు. “ఏమే, నీ పాట లేక గంపలు లేస్తలేవు.”

“నేనేమన్న రేడియోనా?” అని విసుక్కుంటూనే ముత్తవ్వ తలకు గుడ్డ చుట్టుకుంది.

పనికి రమ్మని సాలవ్వ ఎవరినీ అడగలేదు. ఒకరిని పార, ఒకరిని సలహా, ఒకరిని కడివెడు మంచినీళ్లు అడిగింది. అడిగింది పట్టుకుని అందరూ వాగుకే వచ్చారు.

ఎల్లయ్య రెండుసార్లు గడ్డపార తిప్పగానే రాయి కుదురుకుంది. ముత్తవ్వ పాటకు గంపలు చేతులు మారాయి. నాలుగున్నరకు చివరి గంప మొరం పడింది. అది పోసింది మహేందరే.

“రాసుకో నాయినా,” అన్నాడు ఎల్లయ్య, “ఒక్క గంప మోసిన్నని.”

అందరూ గొల్లుమన్నారు.

సాలవ్వ సంచీ తీసుకుంది. కొత్త బాట మీద మొదట ఆమే నడవాలన్నారు. “మొరం పచ్చిగున్నది. పిల్లలొచ్చేదాక గట్టిపడనీయుండ్రి,” అని చెప్పులు చేతబట్టుకుని పక్కనే నీళ్లలోంచి దాటిపోయింది. అవతలి ఒడ్డున ఒకసారి వెనక్కి చూసింది. బస్సు వచ్చింది.

ఆమె చాట అరుగు మీదే ఉండిపోయింది. పొద్దుగూకేలోపు ఆడవాళ్లు తమ చాటలు ముందేసుకుని కూర్చున్నారు. ముత్తవ్వ తన మొదటి కట్ట ఆ చాటలో వేసింది.

“పోయిందానికి ఎందుకే?” అందొకామె.

“ఇయ్యాల పనికి పోయింది గద. రేపు అంగన్‌వాడీ గోడ కట్టే పనికి ఎవరు పోతే ఈ కట్టలు వాళ్లకైతయి.”

ఒకరి తర్వాత ఒకరు వేశారు. సాలవ్వ బొటనవేలు ఆని ఆని నున్నబడిన ఆ చాట అంచు దాకా కట్టలు వచ్చాయి.