ఎడమ ముక్కు

స్టీలు పళ్ళెం కడిగి, గుడ్డతో తుడిచి, మెరుపు వచ్చిందా అని మొహం దగ్గరికి పెట్టుకుని చూశాను. నా ఊపిరి తగిలి పళ్ళెం మీద ఆవిరి పట్టింది. ఒకే మచ్చ, కుడివైపు, బొత్తాం అంత. ఎడమవైపు పళ్ళెం అద్దంలా అలాగే ఉంది. మళ్ళీ తుడిచాను. నోరు గట్టిగా మూసుకుని, ముక్కుతోనే ఊపిరి వదిలాను. మళ్ళీ ఒకే మచ్చ.

గంట కిందట ఇదే పళ్ళాన్ని ఒక ఆవు ముక్కు కింద పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన పశువుల డాక్టరు. ఇంటి ముందు భాగం ఆస్పత్రి, వెనక మేమూ మా అత్తగారూ. పద్నాలుగేళ్ళుగా సూదులు మరగబెట్టేది నేను, గొర్రెల తలలు మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకునేది నేను, రిజిస్టరు రాసేది నేను. వచ్చినవాళ్ళు "అమ్మగారు సాయం చేస్తుంటారు" అంటారు. సాయం అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన వంటింట్లోకొచ్చి ఎప్పుడన్నా గ్లాసు కడిగితే, దాన్ని అనాలి సాయం అని.

ఇవాళ పొద్దున పాలామె తన ఆవుని తోలుకొచ్చింది. ఆవు గురక పెడుతోంది. పడుకుని కాదు, నిలబడి, కళ్ళు తెరుచుకునే గురక.

"ఎన్నాళ్ళయింది?" అన్నారు మా ఆయన.

"పదకొండు రోజులండీ."

"పదకొండు రోజులూ చెవుల్లో దూది పెట్టుకున్నావా? మూగజీవం, నోరు తెరిచి చెప్పుకోలేదు. మనమే కనిపెట్టాలి కదా!"

పాలామె తల వంచుకుంది. నేను రిజిస్టరు తెరిచి, "యజమాని ఎవరు?" అని అడిగాను.

"నేనేనమ్మా. దూడగా ఉన్నప్పటినుంచి నేనే సాకాను."

"అది కాదు. మీ ఇంటాయన పేరు చెప్పు," అన్నారు ఈయన. ఆవిడ చెప్పింది, నేను రాశాను. నా చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

తర్వాత పళ్ళెం పట్టమన్నారు. చల్లటి పళ్ళెం ముక్కు కింద పెడితే ఊపిరి ఆవిరై కనిపిస్తుంది. బాగున్న పశువుకి పక్కపక్కనే రెండు మచ్చలు పడతాయి. ఈ ఆవుకి ఒకటే పడింది.

"చూశావా, ఒక పక్క పూర్తిగా మూసుకుపోయింది," అన్నారు పాలామెతో. "లోపల కండ పెరిగి ఉండాలి, లేదంటే పురుగు చేరి ఉండాలి. ఇలాగే వదిలేస్తే రెండో పక్కా పోతుంది. అప్పుడు నోరు తెరిచి ఊపిరి తీస్తుంది. పశువు నోటితో గాలి పీలుస్తోందంటే ఇక ప్రాణం మీదికొచ్చినట్టే." అంటూ ఆవు నుదురు నిమిరారు, సుడి దగ్గర వేళ్ళు ఆపి ఆపి, మెత్తగా. అలా నిమరడం ఆయనకి వచ్చని నాకు తెలుసు. పశువుల దగ్గర చాలాసార్లు చూశాను.

ఇప్పుడు సింకు ముందు నిలబడితే ఆ మాటే చెవుల్లో తిరుగుతోంది. నోరు తెరిచి ఊపిరి. "ఎప్పుడూ ఆ నోరు తెరుచుకుని ఉంటావేంటమ్మా, ఈగలు దూరతాయి" అనేవారు అత్తగారు. "నోరు మూసుకుని తినడం మీ అమ్మ నేర్పలేదా" అనేదీ ఆవిడే. నేను దేనికన్నా ఎదురుచెబితే "నోరు మూసుకో" అని ఆయన. నిజంగా మూసుకుంటే పది అంకెలు లెక్కపెట్టేలోపు నాకు గాలి చాలదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు, చెప్పుకోవాల్సినంత విషయమని నాకే తోచలేదు. పాలు మాడిన రోజున "ముక్కు ఎక్కడ పారేసుకున్నావ్" అని ఆయనంటే నేను కూడా నవ్వాను. వాసనలు తెలియడం మానేసి అప్పటికే ఏడాది. దిండు గలీబు మీద గోధుమరంగు మరకలు చూసి "నానబెట్టి ఉతుకు, పోతాయి" అన్నారు అత్తగారు. నానబెట్టాను, పోయాయి, మళ్ళీ వచ్చాయి. రెండేళ్ళ కిందట నా గురక భరించలేక ఆయన హాల్లోకి మారారు. నెల తిరక్కుండా ఆయనకి అక్కడ నిద్ర పట్టడంలేదని నన్నే మందుల గదిలోకి పంపించారు. చుట్టాలొస్తే "మా ఇంట్లో రైలింజనుంది" అని ఆయన జోకు. వాళ్ళు నవ్వుతుంటే నేను టీలు అందిస్తూ ఉండేదాన్ని.

భయం వేసింది. ఆ భయంలో కూడా ఏమనుకున్నానంటే, ఈయనకి తెలిస్తే ఎంత కంగారు పడతారో అని. ఆవుకి పదకొండు రోజులంటేనే అంత మండిపడ్డ మనిషి కదా. భోజనం అయ్యాక నెమ్మదిగా చెబుదామనుకున్నాను గానీ ఆగలేకపోయాను. ఆయన తింటుండగానే పక్కన కూర్చుని ఆ ఆస్పత్రి పళ్ళెం మీద ఊపిరి వదిలాను.

"ఏవండీ, ఇటు చూడండి. నాకూ ఒక పక్కే వస్తోంది."

ఆయన తల కూడా తిప్పలేదు. "ఎడమది. నాకెప్పుడో తెలుసు."

"ఎప్పుడు?"

"గురక మొదలైనప్పుడే. ముందు సన్నగా ఈలలా ఉండేది. పోయినేడాది నుంచి గరగర వచ్చింది. అంటే లోపల బాగా పెరిగిందన్నమాట." ఎంత గర్వమో ఆ గొంతులో! "చూడకుండా, వట్టి చప్పుడు విని కనిపెట్టాను. ఇంకెవర్నన్నా కనిపెట్టమను చూద్దాం."

"మరి నాతో చెప్పలేదేం?"

"చెబితే ఏం చేస్తావ్? ఆపరేషనంటారు, పదిహేను రోజులు మంచం అంటారు. ఇక్కడ తలలెవరు పట్టుకుంటారు? మనుషులకేం, నోరుందిగా, దాంతో లాగించొచ్చు. చూద్దాంలే అనుకున్నా."

"వాడికి మంచినీళ్ళియ్యమ్మా ముందు," అన్నారు అత్తగారు.

నీళ్ళిచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు, చెయ్యి దానంతటదే ఇచ్చింది. గోడ అవతల నేను పీల్చే ప్రతి ఊపిరినీ విని, రోగం ఎంతవరకు పాకిందో కొలుచుకుని, అటు తిరిగి పడుకున్నాడు. ఏదో తెలియక జరిగితే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇంతవరకూ అన్నారు, చేశారు అని రాస్తూ వచ్చాను. ఇక్కడినుంచి అతనికి ఆ 'రు' పెట్టి రాయనంటోంది నా చెయ్యి.

ముందు గదిలోకెళ్ళి రిజిస్టరు తెరిచాను. పాలామె ఆవు వరసలో యజమాని పేరు కొట్టేసి, పాలామె పేరు రాశాను. ఆ కింద కొత్త గీత గీశాను. జాతి: మనిషి, ఆడ. వయసు: నలభై ఒకటి. లక్షణాలు: గురక, ఎడమ ముక్కు మూసుకుపోయింది, వాసన తెలియదు, దిండు మీద నెత్తురు. ఎన్నాళ్ళుగా: రెండేళ్ళు. డాక్టరుగారి అభిప్రాయం: మొదటినుంచీ తెలుసు. చికిత్స: ఈరోజు, పెద్దాస్పత్రి, మనుషులది.

బయట గొర్రెల చప్పుడు. చెయ్యి కడుక్కుని అతను అప్పుడే వాకిట్లోకి వెళ్ళాడు.

"ఏమోయ్! పళ్ళెం తీసుకుని రా, తల పట్టుకోవాలి!"

"మీరే పట్టుకోండి," అన్నాను. పెద్దగా అన్నాననే అనుకున్నాను, గాలి చాలక సన్నగా వచ్చింది. అందుకని రెండోసారి అరిచాను.

"ఏం నోరే అది!" అన్నారు అత్తగారు వెనకనుంచి.

ఇంకొక్క గడి మిగిలింది. యజమాని. పెన్ను అలవాటుకొద్దీ అతని పేరులో మొదటి అక్షరం రాసేసింది. దాన్ని కొట్టేసి, పక్కన 'నేనే' అని రాసి, చెప్పులు వేసుకున్నాను.