ఏడుగురిలో సగం

నేను ఒక సిరా ప్యాడ్‌ను. అరచేతిలో ఇమిడే రేకు డబ్బా, లోపల మందపాటి ఉన్ని గుడ్డ, దాని మీద పల్చటి నూలు బట్ట, ఆ బట్టలో నల్ల సిరా. ఇంతే నా ఒళ్ళు. సంతకం చేయగలిగినవాళ్ళకు నాతో పని లేదు. చేయలేనివాళ్ళే నా దగ్గరికి వస్తారు, అదీ భయపడుతూ. నా మీద బొటనవేలు ఆనించేముందు చాలామంది ఊపిరి బిగబడతారు. ఆ బిగింపు నాకు అంటుకుంటుంది. అందుకే నాకు పుట్టినప్పటి నుంచీ కుదురు లేదు. మూత వేసి బల్ల మీద పెట్టినా, తరువాత వచ్చే వేలు ఎవరిదో, అది ఏ కాగితం మీద పడుతుందో అని లోపల్లోపల కొట్టుకుంటూనే ఉంటాను.

నన్ను చేసింది ఎక్కడో పట్నంలో, ఒక రేకుల షెడ్డులో. మూత బిగించిన ఆడమనిషి నన్ను చెవి దగ్గర పెట్టుకుని టక్కుమని మూసి, ఆ చప్పుడు బాగుందని నవ్వింది. ఆ తరువాత నన్ను చూసి నవ్వినవాళ్ళు తక్కువ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఊరి మునసబు గారు నన్ను కొన్నారు. వేళ్ళ చదువు ఆయన దగ్గరే నేర్చుకున్నాను. శంఖాలు, చక్రాలు, మధ్యలో తెగిపోయిన గీతలు, నాగలి పట్టి అరిగిన అంచులు. మనుషులు ముఖాలు మార్చుకుంటారు, మాటలు మార్చుకుంటారు, వేలు మాత్రం మార్చుకోలేరని నాకు నమ్మకం కలిగింది. 1984లో ప్రభుత్వం మునసబుల ఉద్యోగాలు తీసేసింది. వేల కొద్దీ వేలిముద్రలు వేయించిన మనిషి ఉద్యోగం, ఎవరో ఎక్కడో పెట్టిన ఒక్క సంతకంతో పోయింది.

"ఉంచండి పాణిగ్రాహి గారూ," అని ఆయన నన్ను ఒక దస్తావేజు లేఖరి చేతిలో పెట్టారు. "ఇంక ఎవరి వేలూ పట్టుకునే అధికారం నాకు లేదు."

పాణిగ్రాహి గారిది రిజిస్ట్రాఫీసు ఎదుటి అరుగు. సన్నగా, కొంచెం వంగి ఉండేవారు. మిగిలిన లేఖరులు ముద్ర వేయించుకుని మనిషిని అలాగే పంపేసేవారు. వాళ్ళు ఆ నల్లటి వేలును స్తంభానికో, తలవెంట్రుకలకో రాసుకుని పోయేవారు. ఈయన దగ్గర కొబ్బరినూనె అద్దిన గుడ్డముక్క ఒకటి ఉండేది. పని కాగానే ఆ వేలిని తానే తుడిచి పంపేవారు. అందుకు ఎవరూ దండం పెట్టలేదు, ఆయనా ఎదురు చూడలేదు.

1986లో ఒక మధ్యాహ్నం జీడి ఫ్యాక్టరీ నుంచి ఏడుగురు వచ్చారు. బట్టీ దగ్గర పిక్కలు వేయించే మగవాళ్ళు ముగ్గురు, పిక్కలు కొట్టే ఆడవాళ్ళు నలుగురు. ముందు నిలబడ్డవాడు కూర్మారావు. పదో తరగతి దాకా చదివాడు, వాళ్ళలో పెద్ద చదువు అదే.

"సంఘం ఎట్టుకోవాల బాబూ. సర్కారు కాడ రిజిస్టరవ్వాల. కాయితం రాసీండి," అన్నాడు.

ఎందుకని పాణిగ్రాహి గారు అడిగితే, వెనుక నుంచి మద్దిల తవిటమ్మ చెప్పింది. నలభై ఏళ్ళుంటాయి. తనకు ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఆమెను తల్లి చారెడు తవుడుకు పొరుగువాళ్ళకు అమ్మినట్టు చేసి తిరిగి తెచ్చుకుందట. ఆ పేరు అలా వచ్చింది. జీడిపిక్క పగిలితే పెంకులోంచి నూనె చిమ్ముతుంది, అది చర్మాన్ని కాల్చేస్తుంది. చేతులకు ఆముదం పట్టిస్తే కొంత ఆగుతుంది. ఇన్నాళ్ళూ ఫ్యాక్టరీయే పొద్దున్నే ఒక డబ్బా ఆముదం పెట్టేది. ఆ ఏడు అది మానేసి, బూడిద పూసుకోమన్నారు.

"అడగడానికెల్తే మేనేజరు ఏటన్నాడో తెల్సా? 'మీరెవరు అడగడానికి' అన్నాడు. నిజమే గదా బాబూ. మేవెవులుమో ఒకపాలి రాసిచ్చీండి."

పాణిగ్రాహి గారు ముందు కలం మూత తీశారు. తరువాత చట్టం చెప్పారు. ఆ రోజుల్లో ఏడుగురు కలిసి దరఖాస్తు పెడితే చాలు. రిజిస్టరైన సంఘం ఒక మనిషితో సమానం. దానికి పేరుంటుంది, ముద్ర ఉంటుంది, కోర్టులో నిలబడి మాట్లాడగలదు. "మేనేజరు అడిగిన ప్రశ్నకు అదే జవాబు," అన్నారు.

మగవాళ్ళు ముగ్గురూ సంతకాలు చేశారు. ముగ్గురు ఆడవాళ్ళ వేళ్ళు వచ్చాయి. కాలి, అక్కడక్కడ చెరిగినా, గీతలు కనబడ్డాయి. నాలుగోది తవిటమ్మది. ఆ ఎడమ బొటనవేలు నా మీద ఆనగానే నాకు భయం వేసింది. గాజు ముక్క ఆనినట్టు ఉంది. కాగితం మీద నల్లటి మచ్చ పడింది, అంతే. శంఖం లేదు, చక్రం లేదు. నా సిరా పాడైందనుకున్నాను. మూడుసార్లు వేయించినా అదే మచ్చ.

"గీతలేవి తవిటమ్మా?"

"జీడి తినేసింది బాబూ. పదారేళ్ళ నుండి తింటంది. పిక్క పట్టుకునేది ఈ సెయ్యే గదా. నుదుటి మీద గీత కూడా అదే తినేసుంటాది."

"నీది ఏలు కాదొలే, గోళీకాయి," అంది పక్కనున్న ఆమె. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మారనిది వేలొక్కటే అని ఇన్నాళ్ళూ నమ్మినదాన్ని. పాణిగ్రాహి గారు ఆ మచ్చ కింద 'ఇది మద్దిల తవిటమ్మ నిశానీ' అని రాసి, ఆ వేలిని మామూలు కంటే ఎక్కువసేపు తుడిచారు.

దరఖాస్తు పంపిన పది రోజులకు కూర్మారావు పరుగెత్తుకొచ్చాడు. వారం తిరక్కుండా ముగ్గురు తప్పుకున్నారట. సంఘంతో మాకు సంబంధం లేదని, పట్నంలో ఉన్న సంఘాల రిజిస్ట్రారుకు ఎవరికి వారు ఉత్తరాలు రాసిచ్చారట. ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడమనిషి. ఎవరిని ఏమని బెదిరించారో వాళ్ళు చెప్పరు.

"ఇంకేటుంది బాబూ, అయిపోనాది."

"అవలేదు. సగం కంటే ఎక్కువమంది తప్పుకుంటేనే దరఖాస్తు పోతుంది. ఏడుగురిలో సగమెంత?"

"మూడున్నర."

"చట్టంలో అర మనిషి ఉండడు. ముగ్గురు పోతే ప్రాణం ఉంది. నాలుగోవారు పోతే లేదు. ఆ నలుగురూ నిలబడేలా చూసుకో."

అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. రోజూ అరుగు మీద ఎవరెవరివో వేళ్ళు వచ్చిపోతున్నాయి, నేను మాత్రం ఆ నలుగురినే తలుచుకుంటున్నాను. మూడు వారాలకు రిజిస్ట్రారు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మద్దిల తవిటమ్మ తప్పుకుంటున్నట్టు వేలిముద్రతో ఉత్తరం అందిందనీ, మిగిలినవాళ్ళు విచారణకు హాజరు కావాలనీ.

కూర్మారావు ఆమెను అరుగు దగ్గరికే తీసుకొచ్చి అడిగాడు.

"నాను ఏ కాయితమ్మీదా ఏలెట్టనేదు," అంది తవిటమ్మ.

"మరి మీ ఆయనకి ఫ్యాక్టరీ గేటు కాడ వాచ్‌మేన్ పని ఎలగొచ్చింది? మొన్నే గదా వచ్చింది?"

"కొబ్బరిసెట్టు మీంచి పడ్డోడు. ఇంకేటెక్కుతాడు? అడిగినాడు, ఇచ్చినారు." గొంతు పెంచింది. "అనుమానముంటే అనుమానముందని సెప్పు తమ్ముడూ. మెలికలెట్టకు."

కూర్మారావు తల దించుకున్నాడు కానీ, అనుమానం దించుకోలేదు.

విచారణ రోజు పాణిగ్రాహి గారు నన్ను సంచిలో వేసుకుని వాళ్ళతో బస్సెక్కారు. ఏడు మైళ్ళకొకసారి బస్సు ఆగింది. తవిటమ్మ, కూర్మారావు ఒకే సీటులో కూర్చుని, ఒకరు కిటికీ వైపు, ఒకరు నడవ వైపు చూశారు. నేను సంచిలో దస్తావేజుల మధ్య అటూ ఇటూ దొర్లుతూ ఉన్నాను.

రిజిస్ట్రారు గారు నెమ్మదైన మనిషి. అందరూ నిలబడి ఉంటే అటెండరును పిలిచి, ముందు తవిటమ్మకు కుర్చీ వేయించారు. ఫ్యాక్టరీ తరఫున ఒక లాయరు వచ్చాడు. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పరిచారు. దరఖాస్తులో నల్లటి మచ్చ. ఉత్తరంలో స్పష్టమైన వేలిముద్ర.

"చూడండి సార్," అన్నాడు లాయరు. "ఇదీ ముద్ర అంటే. ప్రతి గీతా లెక్కపెట్టుకోవచ్చు. అది ముద్ర కాదు, సిరా ఒలికిన మరక. అసలు ఆవిడ దరఖాస్తులో చేరనేలేదని, చేరిందనుకున్నా తప్పుకుందని మా వాదన."

చట్టం గీతలను నమ్ముతుంది. నేనూ అలాగే నమ్మినదాన్నే కదా. రిజిస్ట్రారు గారు ఇప్పుడే ఒకసారి వేలు వేయమన్నారు. ఆఫీసు ప్యాడ్ తెరిస్తే అది ఎండి బీటలు వారి ఉంది. పాణిగ్రాహి గారు సంచిలోంచి నన్ను తీశారు. తవిటమ్మ ఎడమ బొటనవేలు ఆనించింది. మచ్చ. కుడిది ఆనించింది. అంచున రెండు గీతలు, మధ్యలో మచ్చ. పది వేళ్ళూ వేయించారు. కాగితం నిండా నల్లటి గోళీకాయలు.

రిజిస్ట్రారు గారు ఆ కాగితం వైపు చూసి, ఆమె చేతుల వైపు చూశారు. "ఎన్నేళ్ళుగా కొడుతున్నావమ్మా?"

"పదారు బాబూ."

"ఈ ఉత్తరం మీదిది నీ వేలేనా? దగ్గరికి వచ్చి చూడు."

ఆమె లేచి వచ్చి వంగింది. నేను పక్కనే మూత తెరిచి ఉన్నాను. నేనూ అప్పుడే దాన్ని దగ్గరగా చూశాను. గట్టి చక్రం. ఆ చక్రాన్ని అడ్డంగా కోస్తూ తెల్లటి గాటు. ఆ వేలు నాకు తెలుసు. రెండేళ్ళ కిందట ఇంటిస్థలం కాగితం కోసం దాన్ని తడిపింది నేనే. అది ఆమె భర్త లోకనాథం వేలు.

ఆమెకూ తెలిసింది. బల్ల అంచు పట్టుకుంది. నాది కాదంటే, మరి ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. దొంగ వేలిముద్ర వేసినవాడికి జైలు. నాదే అంటే ఏడుగురిలో నలుగురు పోయినట్టు, సంఘం పుట్టకుండానే పోతుంది. ఫ్యాను తిరుగుతోంది. నా సిరా పైపొర ఆరిపోతున్నట్టు అనిపించింది. కూర్మారావు ఆమె ముఖంలోకి చూడకుండా గోడకున్న క్యాలెండరు చూస్తున్నాడు.

"నాది కాదు బాబూ," అంది చివరికి.

"మరి ఎవరిదో చెప్పమనండి సార్," అన్నాడు లాయరు. ఆ మాట అన్నాక, అది తన మనుషుల మీదికే వస్తుందేమోనని అతనికే తోచినట్టుంది, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

తవిటమ్మ బల్ల అంచు వదల్లేదు. రిజిస్ట్రారు గారు ఆమెను చూశారు, బల్ల అంచు మీది ఆమె వేళ్ళను చూశారు. తరువాత ఫైలు దగ్గరికి లాక్కుని, రాసుకుంటూనే అన్నారు. "ఎవరిదో తేల్చడం ఇవాళ నా పని కాదు. ఈమెది కాదని తేల్చడమే నా పని. తేలింది. తప్పుకున్నది ముగ్గురు. కూర్చోమ్మా."

చట్టం చాలా చోట్ల ఇరుకు. ఆ ఇరుకు ఒక్కోసారి మనిషి తల దాచుకోవడానికి పనికొస్తుందని ఆ రోజు చూశాను.

తిరుగు బస్సులో కూర్మారావు, "అక్కా, నన్ను తిట్టు," అన్నాడు. "ఊరుకో నాయినా," అంది. అతను దిగిపోయాక, చాలాసేపటికి పాణిగ్రాహి గారితో మెల్లగా, "కత్తి తెగిన్నాడు ఆ ఏలికి పసుపెట్టి గుడ్డ కట్టింది నానే బాబూ," అంది. ఆయన సంచిలోంచి నూనెగుడ్డ తీసి ఆమెకు ఇచ్చారు. పది వేళ్ళున్నాయి తుడుచుకోవడానికి.

ఆ ఇంట్లో ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలియదు. మర్నాటి నుంచి గేటు దగ్గర లోకనాథం కనబడలేదని మాత్రం విన్నాను. తనే మానేశాడో, వాళ్ళే పంపేశారో.

నెల తిరిగేసరికి సర్టిఫికెట్టు వచ్చింది. పాణిగ్రాహి గారు నన్ను సంఘానికే ఇచ్చేశారు. సంఘం ముద్రతో వెళ్ళిన మొదటి ఉత్తరం ఆముదం గురించే. మూడు ఉత్తరాలు, ఒక చర్చ తరువాత డబ్బా మళ్ళీ వచ్చింది. ఇప్పుడు అక్కడ ఆడపిల్లలందరూ సంతకాలు చేస్తారు. నేను సంఘం బీరువాలో అడుగున ఉన్నాను. బట్ట ఎండిపోయింది, రేకు తుప్పు పట్టింది. కుదురు మాత్రం ఇప్పటికీ రాలేదు. ఎవరో తలుపు తీసిన చప్పుడైతే చాలు, సంఘం మొదటి సమావేశం కళ్ళ ముందుకు వస్తుంది.

కూర్మారావు పాకలో చాప మీద కూర్చుని, రిజిస్ట్రారుకు పంపవలసిన కార్యవర్గం జాబితా రాస్తున్నాడు. తవిటమ్మను ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. పాక బయట, గుమ్మానికి కొంచెం ఎడంగా, లోకనాథం కొబ్బరిపీచుతో తాడు పేనుతున్నాడు. అతన్ని లోపలికి ఎవరూ పిలవలేదు, పొమ్మనీ అనలేదు.

"అక్కా, తండ్రి పేరు రాయీనా, పెనిమిటి పేరు రాయీనా?"

"రెండూ రాయకూడదేటి?"

"ఒకటే గడి ఉందక్కా."

ఆమె తలుపు వైపు చూడలేదు. అతని చేతిలోని జాబితా వంకా చూడలేదు. నా వైపు చూసింది. ఊపిరి బిగబట్టింది ఆమె కాదు, నేను.

"లోకనాథం అని రాయి," అంది. "మద్దిల లోకనాథం భార్య."

బయట తాడు పేనే చప్పుడు ఆగిపోయింది. తవిటమ్మ నన్ను దగ్గరికి జరుపుకుని, మూత తానే తీసింది.